తడిసిన కట్నాల పద్దు: సిరోంచాలో ఇంటి కాగితాల రక్షణ

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, ప్రాణహితకు తూర్పు ఒడ్డున సిరోంచా ఉంది. గోదావరికి ఆవల కాళేశ్వరం. ప్రాణహితకు ఆవల చెన్నూరు, కోటపల్లి వైపు ఊళ్ళు. ఆ రెండు ఒడ్లు తెలంగాణవి, ఈ ఒడ్డు మహారాష్ట్రది. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవాలంటే అడవి దారిన సుమారు 200 కి.మీ. ప్రయాణం, కాళేశ్వరానికి వంతెన దాటితే చాలు. ఇళ్ళలో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఆ రెండింటితో పాటు గోండీ, మాడియా, హిందీ వినపడతాయి. మహారాష్ట్రలోనో, ఛత్తీస్‌గఢ్‌లోనో, ఇంకా దూరంగానో పుట్టి పెరిగి మన తెలుగు పీఠంలో చదువుకుంటున్న విద్యార్థులకు ఈ పరిస్థితి కొత్తది కాదు. అందుకే ఈ వ్యాసానికి సిరోంచాను ఎంచుకున్నాను.

2022 జూలై రెండవ వారంలో ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి మూడూ ఒకేసారి పొంగాయి. ప్రాణహిత చిన్న నది కాదు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. గోదావరి పరివాహక ప్రాంతంలో దాదాపు మూడవ వంతు దీనిదే. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు నమోదైన తరువాత వచ్చిన వరదల్లో అదే పెద్దది. సిరోంచా తాలూకాలో నది వెంబడి ఊళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. జనాన్ని, పశువులను ఎత్తు ప్రాంతాలకు చేర్చారు. గింజలు, దుప్పట్లు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు వెంట తీసుకుపోయారు. అటక మీది ముల్లె అటక మీదనే ఉండిపోయింది.

అటువంటి ముల్లె ఒకటి నాకు ముందే తెలుసు. 2009లో మాండలిక పదాల సేకరణకు పోయినప్పుడు ఆ ఊళ్ళో ఒక ఇంట్లో చూశాను. ఎర్ర గుడ్డలో మూడు పుస్తకాలు, కొన్ని ముద్ర కాగితాలు ఉన్నాయి. ఒక పుస్తకం పెళ్ళిళ్ళలో వచ్చిన కట్నాల పద్దు. కోస్తా వారు చదివింపులు అనే వాటినే అక్కడ కట్నాలు అంటారు. ఎవరు, ఏ ఊరివారు, ఎంత రాయించారు, రూపాయలా, బియ్యమా, రైక గుడ్డా, ఇత్తడి చెంబా అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి కొంచెం ముందు మొదలై ఇరవై ఏళ్ళకు పైగా నడిచిన పద్దు అది. పదకొండు పుటలు నా నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. మిగిలినవి వచ్చేసారి చూద్దామనుకున్నాను. ఆ వచ్చేసారి రావడానికి పదమూడేళ్ళు పట్టింది.

2022 ఆగస్టు చివర నేను పోయేసరికి ఆ పుస్తకం దండెం మీద ఆరి, అట్టలా బిగుసుకుపోయి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ నొచ్చుకుంటూ ఇలా అన్నది: "ఏం రాసి ఉన్నదో మాకెవ్వరికి తెల్వది సారూ. మా మామ ఉన్నప్పుడు దసరాకు తీసి పసుపు పెడుతుండె. పోరగాండ్లు మరాఠీ చదివిండ్రు. బురద బట్టలతోని ఇదిగూడ పారేద్దామన్నరు. మీరు అప్పుడు అడిగిండ్రని నేనే ఉంచిన." నేను చూసిన తెలుగు పద్దు అన్న ఒకే ఒక కారణం ఆ పుస్తకాన్ని చెత్తకుప్పకు పోకుండా ఆపింది. పక్క ఇళ్ళలో ఎవరూ అడగని పుస్తకాలు ఎన్ని ఉండేవో!

నేను చెప్పదలచుకున్నది ఈ సంఘటనలోనే ఉంది. వరద కాగితాన్ని తడుపుతుంది. దాన్ని పారేసేది మాత్రం చదవలేని చేతులు. సరిహద్దు ప్రాంతాల్లో ఈ రెండు ప్రమాదాలూ కలిసే వస్తాయి. కాబట్టి రక్షణ అన్న పని నీళ్ళు వచ్చిన రోజున కాక, ఎవరి ఇంట్లో ఏమున్నదో చదివి రాసుకున్న రోజున మొదలవుతుంది.

సిరోంచా కాగితాలకు ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1860 ఒడంబడికలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిషువారికి ఇచ్చాడు. వాటితో అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. సిరోంచా దాని ముఖ్యపట్టణం. గోదావరిని ఎగువదాకా పడవలకు అనువుగా చేయాలని కాటన్ మొదలుపెట్టిన పథకం నడుస్తున్న రోజులవి. దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర రాతి అడ్డంకులను దాటించే పనులు జరుగుతుండేవి. 1871లో ఆ పథకాన్ని మానుకున్నారు. 1874లో జిల్లానే ఎత్తివేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయాయి. సిరోంచా చాందా జిల్లాలో ఒక తాలూకా అయింది. ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశకంలో దాని కింది భాగాలైన నూగూరు, ఆల్బాక, చెర్ల కూడా మద్రాసుకు పోయాయి. మిగిలిన సిరోంచా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1950 నుంచి మధ్యప్రదేశ్‌లో, 1956 నుంచి బొంబాయి రాష్ట్రంలో, 1960 నుంచి మహారాష్ట్రలో ఉంది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లా నుంచి గడ్చిరోలి జిల్లా విడిపడింది.

ఊరు కదలలేదు, ప్రభుత్వాలు మారాయి. మారిన ప్రతిసారీ కాగితాలు ఒక కచేరీ నుంచి మరొక కచేరీకి బండెక్కాయి. ఈ ప్రాంతం మీద పరిశోధన చేయదలచినవారు నాగపూర్ పురాభిలేఖాగారానికి, భోపాల్‌కు, చెన్నైకి, ఢిల్లీకి, చివరకు లండన్‌కు కూడా పోవలసి వస్తుంది. అక్కడ దొరికేది చాలావరకు ఇంగ్లీషులో పాలకులు రాసుకున్నది. 1862లో గ్లాస్‌ఫర్డ్ బస్తరు మీద రాసిన నివేదిక, లూసీ స్మిత్ చాందా బందోబస్తు నివేదిక, 1909 నాటి చాందా జిల్లా గెజెటీరు ఇటువంటివి. మంచి గ్రంథాలే, నేనూ వాడుకుంటాను. 1858లో బాబూరావు శేడ్మాకే తిరుగుబాటును తీసుకోండి. ఆ ఏప్రిల్‌లో ప్రాణహిత ఒడ్డున చించగుండి దగ్గర ఇద్దరు తంతి శాఖ ఉద్యోగుల మరణం, బాబూరావును పట్టి ఇవ్వడంలో అహేరి జమీందారిణి లక్ష్మీబాయి పాత్ర, అక్టోబరు 21న చాందాలో ఉరి... ఇవన్నీ మనకు తెలిసింది ప్రధానంగా అతన్ని ఉరితీసిన ప్రభుత్వపు కాగితాల నుంచే. ఎదుటి పక్షం మాట గోండుల పాటల్లో, కుటుంబాల జ్ఞాపకాల్లో ఉంది. అటువంటి మాటకు సాక్ష్యంగా నిలవగల కాగితం ఏదైనా ఉంటే అది కచేరీలో ఉండదు, ఇంట్లో ఉంటుంది.

ఇంట్లో ఉన్న కాగితానికి ఏ చట్టం కాపలా? 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రభుత్వ దస్త్రాల సంగతి చూస్తుంది. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ కనీసం 75 ఏళ్ళ నాటి చేతిరాత గ్రంథాలను లెక్కలోకి తీసుకుంది; అయితే రాతప్రతి అంటే జ్ఞానం నిక్షిప్తమైన రచన అని, రెవెన్యూ దస్తావేజుల వంటివి వేరని దాని నిర్వచనం. భారత తాళపత్రం దొరికితే దానికి గౌరవం. కౌలు కాగితం, పత్తి లెక్క, కట్నాల పద్దు ఎవరికీ చెందవు. తెలుగు రాష్ట్రం తన సరిహద్దు దగ్గర ఆగుతుంది. మహారాష్ట్రకు ఆ లిపి రాదు.

నా సొంత శాస్త్రాన్ని కూడా ఇక్కడ తప్పుపట్టక తప్పదు. గ్రియర్సన్ భాషా సర్వేలో 1906లో వెలువడిన నాలుగవ సంపుటం చాందా జిల్లా సాలెవారి తెలుగును 'సాలేవారీ' అని ప్రత్యేకంగా పేర్కొన్నది. ఆ తరువాత మనవాళ్ళు చేసిన గొప్ప పని మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. కాని ఆ సర్వే ఆంధ్రప్రదేశ్ జిల్లాల వరకే. ఏరు దాటి ఇవతలి రైతు అదే నాగలికి ఏ మాట వాడతాడో అడగడం ఆ ప్రణాళికలో లేదు. అందువల్ల సిరోంచా తెలుగుకు యాభై అరవై ఏళ్ళ కిందటి సాక్ష్యం కావాలంటే మనకు మిగిలింది ఇటువంటి పద్దులే. ఆ పదకొండు పుటల్లోనే కొలతల పేర్లు, బట్టల పేర్లు, వరసల పేర్లు, ఊళ్ళ పేర్లు ఉన్నాయి. ఊరి పేర్లనే తీసుకోండి. రేగుంట అని పద్దులో తెలుగులో ఉన్న ఊరు మరాఠీ దస్త్రాల్లో 'రేగుంఠా' అయింది. ఒత్తు లేనిచోట ఒత్తు చేరడంతో అది రేగుచెట్ల కుంట అన్న అర్థం మరుగున పడింది. ఇది చిన్న విషయమే. అంకీస, ఆసరెల్లి, పోచంపల్లి అంటూ వరుసగా వెతుకుతూ పోతే మాత్రం చిన్నది కాదు.

కాగితం విలువ పరిశోధకుడికే అనుకోకూడదు. సిరోంచా తాలూకాలోని పోచంపల్లికి, ఆవల మేడిగడ్డకు నడుమ గోదావరి మీద కట్టిన బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరులో దాని స్తంభాలు కొన్ని కుంగాయి. ఆ బ్యారేజీ వచ్చాక తమ పొలాల ముంపు పెరిగిందని ఈ ఒడ్డు రైతులు ఆందోళనలు చేశారు, పరిహారం అడిగారు. పరిహారం అడిగినవాడిని కచేరీ మొదట అడిగేది భూమి కాగితం. తాత పేరున ఉన్న పాత క్రయ పత్రం తడిసి ముద్దయితే పోయేది చరిత్ర ఒక్కటే కాదు. ఊళ్ళలో ఈ పని గురించి మాట్లాడేటప్పుడు నేను చరిత్రతో మొదలుపెట్టను, భూమితో మొదలుపెడతాను. పట్టా భద్రం చేయడానికి పెట్టె తెరిస్తే దాని కింద పద్దు కూడా బయటపడుతుంది.

ముంపు నుంచి వారసత్వాన్ని కాపాడిన అనుభవం తెలుగువారికి లేకపోలేదు. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందే 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, కట్టడాలను కొండ మీదికి, అనుపుకు చేర్చారు. శ్రీశైలం జలాశయం కింద మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. రాళ్ళకు అంకెలు వేసి మోసుకుపోయాం, బాగుంది. ఆ మునిగిన ఊళ్ళ కరణాల ఇళ్ళలోని లెక్కలకు అంకెలు వేసినవారు ఎవరు? ఈ విషయంలో మనకు మార్గదర్శి అనదగినవాడు సి.పి. బ్రౌన్. మెకంజీ సేకరింపించిన గ్రామ కైఫీయతులు మద్రాసులో చివికిపోతుంటే 1840లలో వాటికి శుద్ధప్రతులు రాయించాడు. మూలాన్ని కాపాడలేకపోవచ్చు, ప్రతి ఉంటే మాట మిగులుతుంది అన్నది ఆ పనిలోని సూత్రం.

ఈ సూత్రాన్ని ఇంటింటికీ తీసుకుపోయినవారు జపాన్ చరిత్రకారులు. 1995 జనవరి 17న కోబే నగరాన్ని భూకంపం పడగొట్టింది. కూలిన ఇళ్ళను యంత్రాలతో ఎత్తిపారేస్తుంటే, వాటితో పాటు పాత కాగితాలు పోతున్నాయని అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు గమనించారు. జపాన్‌లో ఎదో కాలపు గ్రామ లెక్కలు చాలావరకు గ్రామపెద్దల వంశస్థుల ఇళ్ళలోనే ఉంటాయి. మన పట్వారీల ఇళ్ళలో ఉన్నట్టే. వారు చరిత్ర సామగ్రి నెట్‌వర్క్ అన్న సంఘంగా ఏర్పడి, ఇంటింటికీ పోయి అడిగి, తీసి, ఆరబెట్టి, జాబితా రాశారు. 2003లో మియాగి ప్రాంతంలో భూకంపం వచ్చాక అక్కడ కూడా అటువంటి సంఘం ఏర్పడింది. వారు ఒక అడుగు ముందుకు వేసి, వచ్చే విపత్తు కోసం ఆగకుండా ఇళ్ళలోని కాగితాలను ఫొటోలు తీసిపెట్టారు. 2011 మార్చి 11 సునామీలో కొన్ని ఇళ్ళు, గిడ్డంగులు కొట్టుకుపోయాయి. అటువంటి చోట మిగిలింది ఆ ఫొటోలే. వారు కాగితాలను ఇళ్ళ నుంచి లాక్కుపోలేదన్నది నాకు నచ్చిన సంగతి. చదివి, బొమ్మ తీసి, ఎవరివి వారికి ఇచ్చారు. సిరోంచాలో కూడా అలాగే చేయాలి. పట్నం నుంచి వచ్చిన సారు ముల్లె పట్టుకుపోతే మరునాడు ఏ ఇంట్లోనూ అటక దిగదు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. మొదట జాబితా. ఊరు, ఇల్లు, ఇంటివారు చెప్పిన వివరం, ఎన్ని పుస్తకాలు, ఏ లిపి, ఏ పెట్టెలో, నేల నుంచి ఎంత ఎత్తున. ఈ చివరి సంగతి రాసుకోవడం మనకు అలవాటు లేదు. వరద ప్రాంతంలో అదే ముఖ్యం. తరువాత ఫొటోలు. మీ చేతిలోని ఫోను సరిపోతుంది. వాకిట్లో నీడపట్టున, ఎండ సూటిగా పడకుండా, పుటకొక బొమ్మ, ఖాళీ పుటను కూడా వదలకుండా తీయాలి. ప్రతి పుస్తకానికి ముందు ఊరి పేరు, తేదీ రాసిన చీటీని ఒక బొమ్మ తీస్తే తరువాత కలగాపులగం కాదు. మూడు ప్రతులు మూడు చోట్ల ఉంచాలి. ఆ మూడు చోట్లూ ఒకే నది ఒడ్డున ఉండకూడదు. ఒకటి ఇంటివారికి, ఒకటి 2011లో గడ్చిరోలిలో స్థాపించిన గోండ్వానా విశ్వవిద్యాలయం వంటి దగ్గరి సంస్థకు, ఒకటి హైదరాబాదుకో మన పీఠానికో. ఇంటివారు ఎవరికి చూపవద్దంటే వారికి చూపకూడదు; అప్పు పత్రాల్లో నేటికీ తగాదాలు దాగి ఉంటాయి.

పాత కాగితాన్ని జిరాక్సు దుకాణంలో లామినేషన్ చేయించడం ఊళ్ళలో ఇప్పుడు గొప్ప జాగ్రత్తగా చెలామణీ అవుతోంది. నా మాట విని అది మానండి, మాన్పించండి. వేడికి, జిగురుకు కాగితం ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది, తిరిగి విడదీయడానికి రాదు. లోపల చేరిన తేమ అక్కడే ఉండిపోతుంది. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి, ఏడాదికి రెండుసార్లు తెరిచి గాలి తగలనివ్వడం దానికన్నా మేలు. దసరాకు ముల్లె విప్పే పెద్దలు చేసింది అదే. పసుపు మాత్రం కాగితానికి కాకుండా పైగుడ్డకు పెట్టమని చెప్పండి.

నీళ్ళు వచ్చాక మన చేతిలో ఉండేది సుమారు 48 గంటలు. వానాకాలపు ఉక్కలో ఆ తరువాత బూజు పడుతుంది. తడిసిన పుస్తకాన్ని తెరవకూడదు. తడి కాగితం పట్టుకుంటే చిరుగుతుంది. బురద ఉంటే, సిరా కరిగేది కాదని ఒక మూల చూసుకున్నాక, పుస్తకాన్ని మూసి పట్టుకుని మంచినీళ్ళలో కడగాలి. సిరా కరుగుతుంటే కడగకూడదు. ఎండలో వేయకూడదు: పుటలు అతుక్కుని అట్టలా అవుతాయి. మా పద్దుకు జరిగింది అదే. నీడలో, ఫ్యాను గాలికి, అచ్చు పడని తెల్ల కాగితాలు నడుమ నడుమ పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరనివ్వాలి. అచ్చయిన వార్తాపత్రికల సిరా అంటుకోవచ్చు. పుస్తకాలు ఎక్కువై చేతులు చాలకపోతే పాలిథీన్ సంచుల్లో విడివిడిగా పెట్టి డీప్ ఫ్రీజరులో ఉంచితే బూజు ఆగుతుంది, తీరికగా ఒక్కొక్కటి ఆరబెట్టుకోవచ్చు. కరెంటు ఉన్న ఊరి కూల్‌డ్రింక్ దుకాణం ఇందుకు పనికివస్తుంది. పంచాయతీవారు చల్లే బ్లీచింగ్ పొడి కాగితం మీద పడనివ్వకండి.

తాటాకులు వేరు. గంటంతో గీసిన అక్షరం ఆకులోనే ఉంటుంది, నీళ్ళకు పోయేది దానిలో నింపిన మసి మాత్రమే. చదవడానికి రావడం లేదని పారేయకుండా, ఆకులు అంటుకోకముందే మెల్లగా విడదీసి నీడలో ఆరబెడితే, మసి మళ్ళీ పట్టించడం తెలిసినవారు పట్టిస్తారు. ఫొటోలు ఆరుతూ ఒకదానికొకటి అంటుకుంటే ఊడవు. శుభ్రమైన చల్లని నీళ్ళలో విడదీసి, బొమ్మ వైపు దేనికీ తగలకుండా ఆరబెట్టాలి. పాటల క్యాసెట్లు తడిస్తే ఆరేదాకా టేపురికార్డరులో పెట్టకూడదు.

ఇవన్నీ ఎవరైనా చేయగల పనులు. తెలుగు లిపి చదవడం మాత్రం సిరోంచా ఇళ్ళలోని పిల్లలు చాలామంది చేయలేరు, మీరు చేయగలరు. మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన మన విద్యార్థి ఒకరు ఒక పూట ఆ అరుగు మీద కూర్చుని పద్దు పైకి చదివితే, ఇంట్లో అందరూ చుట్టూ చేరతారు. నేను ఆ పదకొండు పుటలు 2022లో చదివి వినిపించినప్పుడు, ఎవరూ చదవలేని పుస్తకాన్ని అంతవరకు పట్టించుకోని మనుమడు తన ముత్తాత పెళ్ళికి ఎవరెవరు వచ్చారో దేవనాగరి లిపిలో తెలుగు మాటలు రాసుకుంటూ కూర్చున్నాడు. అది కూడా ఒక ప్రతే.

ఇక ఆ పద్దు సంగతి. ఆరి బిగిసిన పుస్తకాన్ని తడి ఆవిరి తగిలేలా మూత పెట్టిన డబ్బాలో ఉంచి, రోజుకు కొన్ని పుటల చొప్పున విడదీయించాం. నీలి సిరాతో రాసిన ఏళ్ళు కొట్టుకుపోయాయి. పెన్సిలుతో రాసిన ఏళ్ళు రాసినట్టే ఉన్నాయి. మొత్తం మీద సగానికి తక్కువ దక్కింది. కట్నాలు బదులు తీర్చుకునేవి కాబట్టి ఈ ఇంటివారు రాయించినవి అవతలి ఇళ్ళ పద్దుల్లో ఉండాలి. నేను ఎక్కించుకున్న పుటల్లోని ఊళ్ళ పేర్లు పట్టుకుని చెన్నూరు వైపు మూడు ఇళ్ళు వెతికాను. రెండిళ్ళలో పాత సందుగలే లేవు. మూడో ఇంట్లో పద్దు ఉంది, చెదలు అంచులు తిన్నాయి. సిరోంచా నుంచి వచ్చినవారి పేర్లు అందులో రెండు పుటల్లో దొరికాయి. మిగిలిన పుటల ఫొటోలు తీయడం ఇంకా పూర్తి కాలేదు.